రోజుకు రెండు వందల ఎనభై ఎనిమిది మంది

సబ్ ఎడిటర్ తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలోని రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది.

"సోమవారం లోగా నేను దొంగలెక్కలు చూపించలేదని తేలాలి సార్. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం పోతే పోయింది, పేరు కూడా పోతుంది."

డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. అలా తుడిచాడంటే కేసు ఒప్పుకున్నట్టేనని అసిస్టెంటుకు తెలుసు. పూర్వం లెక్కల టీచరుగా చేసిన ఆవిడ, పన్నెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉంటోంది. నోటుబుక్కు తెరిచింది.

సంగతి ఇది. సబ్ ఎడిటర్ పనిచేసేది ఒక చిన్న వెబ్ పత్రికలో. ఆ వెబ్‌సైటును కట్టి నడిపిందీ, అందులో మేడ మీద మొక్కల గురించి రాసిందీ ఒకే అమ్మాయి, ఈమె ప్రాణస్నేహితురాలు. ఎనిమిది నెలల కిందట జబ్బుచేసి చనిపోయింది. ఆ శీర్షిక తీసేద్దామని యజమాని అన్నప్పుడల్లా, రోజూ మూడొందల మంది దాకా చదువుతున్నారని సర్వర్ లెక్క చూపించి సబ్ ఎడిటర్ ఆపుతూ వచ్చింది. పోయిన నెల ఆయన కొత్త లెక్కల సాధనం పెట్టించాడు. అది అయిదుగురే అంది.

"స్నేహితురాలి మీద ప్రేమతో అంకెలు నేనే పెంచానంటున్నాడు. ఒట్టు సార్, నేను దాన్ని ముట్టుకోలేదు."

డిటెక్టివ్ కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "టీచరుగారూ, ఇటు చూడండి."

పాత లెక్కలో 293, 292, 294. కొత్త లెక్కలో అవే రోజులకు 5, 4, 6. అసిస్టెంటు తీసివేతలు చేసింది. సెలవు లేదు, ఆదివారం లేదు, తేడా ప్రతిరోజూ 288. ఒక్క పన్నెండో తారీఖున మాత్రం 241.

"మనుషులు ఇంత క్రమంగా వస్తారా?" అన్నాడాయన. "పన్నెండున ఊళ్ళో ఏమైనా జరిగిందా?"

"ఏమీ లేదే... ఆగండి. ఆ రోజు నేను పిన్నిని, అంటే దాని అమ్మని, చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళ వీధిలో నాలుగు గంటల పాటు కరెంటు లేదు."

"అయితే అక్కడికే వెళ్దాం పదండి," అన్నాడు డిటెక్టివ్. అసిస్టెంటు 241 పక్కన, తగ్గినవి 47 అని రాసి, దాని కింద గీత గీసింది.

ఆ తల్లి టైలరు. ముందు గదిలో కుట్టు మిషను, సగం కుట్టిన జాకెట్లు. వెనక గది కూతురిది. దుప్పటి మడత కూడా చెదరలేదు. బల్ల కింద కంప్యూటరు గుయ్యిమంటూ నడుస్తోంది.

"దీన్ని ఎప్పుడూ ఆపరా అమ్మా?"

"ఎలా ఆపను బాబూ? అది వేసి వెళ్ళింది. ఆరోజు కరెంటు పోతే నా ప్రాణం పోయినంత పనైంది. వచ్చాక దానంతటదే లేచింది." ఆవిడ ముఖం వెలిగింది. "మా అమ్మాయి రాసింది రోజూ మూడొందల మంది చదువుతారట, తెలుసా మీకు?"

అసిస్టెంటు తల దించుకుంది. ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు ఉదయం అందరినీ ఆ గదిలోకే పిలిపించాడు డిటెక్టివ్. యజమాని తెచ్చిన లాప్‌టాప్‌లో, పేజీని ఎప్పుడెప్పుడు అడిగారో రాసుకునే సర్వర్ చిట్టా తెరిపించాడు.

"దొంగ ఎవరూ లేరు," అన్నాడు. "రెండు లెక్కలూ నిజమే. లెక్కపెట్టేవి వేరు. సర్వర్, పేజీని ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా ఒక గీత గీస్తుంది. అడిగింది మనిషా, యంత్రమా అని చూడదు. కొత్త సాధనం మనిషి తెర మీద పేజీ తెరుచుకుని, అందులోని చిన్న కోడు నడిస్తేనే లెక్కవేస్తుంది. ఆ కోడుని అడ్డుకునేవాళ్ళు చదివినా దానికి కనబడరు. ఫోనులో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి చదివిన మనిషి దానికి ఇద్దరు. మీరేమో రెండు అంకెల్నీ పాఠకులనే అన్నారు."

"మరి ఆ 288?" యజమాని అడిగాడు.

"అయిదు నిమిషాలకొకటి చొప్పున రోజుకి 288. కరెంటు లేని రోజు నలభై ఏడు తగ్గాయి, అంటే దాదాపు నాలుగు గంటలు. వెబ్‌సైటు బాగానే నడుస్తోందా లేదా అని సర్వర్‌ని తన పేజీ అడిగి చూసేలా ఆ అమ్మాయి ఈ కంప్యూటర్లో ఒక కాపలా ప్రోగ్రాం పెట్టుకుంది. అది ఇంకా చూస్తూనే ఉంది."

గడియారం పదకొండూ అయిదు చూపించింది. చిట్టాలో కొత్త గీత పడింది.

యజమాని ఒప్పుకోలేదు. "ఆ గీత వేరే చోటు నుంచి వచ్చి ఉండొచ్చుగా? ఈ కంప్యూటరు ఆపితే గీత ఆగాలి. అప్పుడు నమ్ముతాను."

సబ్ ఎడిటర్ గబగబా అడ్డొచ్చింది. "వద్దు పిన్నీ. నా ఉద్యోగం పోతే పోనీ."

తల్లి చాలాసేపు ఆ కంప్యూటరును చూసింది. "నా కూతురి మూలంగా నువ్వు నింద మొయ్యడమేంటే, పిచ్చిపిల్లా," అంది. వంగి, మీట తనే నొక్కింది.

ఆ చప్పుడు ఆగాక గది ఎంత చిన్నదో అసిస్టెంటుకు తెలిసొచ్చింది. పదకొండూ పది అయింది. గీత పడలేదు. పదకొండూ పదిహేనుకీ పడలేదు. యజమాని లాప్‌టాప్ మూసి, "తప్పు నాదేనమ్మా, క్షమించు," అని సబ్ ఎడిటర్‌తో అన్నాడు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు, ఏడుస్తోంది.

"అయితే ఇన్నాళ్ళూ ఎవరో చదువుతున్నారనుకున్నాను," అంది తల్లి మెల్లగా. "అదే వచ్చి, చూసుకుని పోతోందన్నమాట."

అసిస్టెంటు కళ్ళు ఒత్తుకుని ముందుకొచ్చింది. "ఇక పని తేలింది కదమ్మా. మళ్ళీ వేసిపెడతాను."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తల్లీ. ఎనిమిది నెలలు కునుకు లేకుండా తిరిగింది. పడుకోనీ."