మొదట కొట్టే పేరు

"ఇంకొంచెం పెంచండి డాక్టరమ్మా" అంది సువర్చల.

డాక్టర్ చంద్రలేఖ కరెంట్ మీట మరికాస్త పైకి జరిపింది. మంచం మీద గురవయ్య కదల్లేదు. కదలడం ఆయన వశంలో లేదు. పక్షవాతం ఆయన దగ్గర అన్నీ లాక్కుని చూపూ వినికిడీ మాత్రం వదిలిపెట్టింది. రెప్ప కూడా తన ఇష్టానికి వెయ్యలేడు. గుండు గీసిన తల నుంచి వెంట్రుక కంటే సన్నని తీగలు బయటికొచ్చి ఒక తెల్లటి పెట్టెలోకి పోతున్నాయి. ఆ పెట్టె పేరు వాగ్వాహిని. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు, చేసే పని ఒక్కటే.

మనం ఏదైనా టైపు చెయ్యాలనుకున్నప్పుడు మెదడు ముందు వేళ్ళకి ఆజ్ఞ పంపుతుంది. ఈ మనిషిలాంటి వాళ్ళలో ఆ ఆజ్ఞ బయల్దేరుతుంది గానీ వేలిదాకా చేరదు, దారిలోనే ఇంకిపోతుంది. వాగ్వాహిని దాన్ని దారిలో పట్టుకుని, ఏ వేలు ఏ మీటని నొక్కబోయిందో కనిపెట్టి, ఆ అక్షరాన్ని తెర మీద వేస్తుంది. అర్థమయ్యే మాట రాకపోతే సిగ్నల్ చాలడం లేదనుకుని, తీగల్లోకి పంపే కరెంట్ తనంతట తనే పెంచుకుంటుంది. ఈ రెండో తెలివి డాక్టర్ చంద్రలేఖ ప్రత్యేకంగా నేర్పించినది. దాన్ని చూసుకుని ఆవిడ చాలా మురిసిపోయేది కూడా.

ఫోన్ మీద వేళ్ళాడించే ఈ కాలపు రోగులు చాలామంది దీంతో మాట్లాడారు. గురవయ్య మాత్రం మాట్లాడటం లేదు. అక్షరాలు వర్షంలా కురుస్తున్నాయి, ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

మర్నాడు మాట హక్కు మండలి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ఎదుట ఒక్క వాక్యం సరిగ్గా వస్తే గురవయ్యకి తెలివి ఉన్నట్టు లెక్క. ఇక ఆ యంత్రం ఆయన హక్కు. భార్యాబిడ్డలతో సహా ఎవ్వరూ దాన్ని తీయించడానికి గానీ, ఆపించడానికి గానీ వీల్లేదు. ఆస్తుల కోసం ముసలివాళ్ళ తీగలు పీకించిన పుత్రరత్నాలు కొందరు బయటపడ్డాక చేసిన చట్టం అది. వాక్యం రాకపోతే "తెలివి లేదు" అని రాసి, తీగలు తీసేసి, మనిషిని ఇంటికి పంపించేస్తారు. పెట్టె ఇంకొకరికి పోతుంది.

సువర్చలకి కావలసింది ఆ ఒక్క వాక్యం. మొగుడి నోటివెంట ఏదో ఒకటి, తిట్టయినా సరే, వినకుండా ఇంటికి వెళ్ళిపోవడం ఆవిడ వల్ల కాదు. అందుకే రోజూ ఆయన తల దగ్గర కూచుని, చెయ్యి పట్టుకుని, పెంచమని డాక్టర్ని బతిమాలుతోంది.

ఇన్నాళ్ళూ తెర డాక్టరువైపు తిరిగి ఉండేది. ఆవేళ గది కడిగినవాళ్ళు మంచాన్ని అడ్డంగా జరిపి పోయారు. సువర్చల తలెత్తగానే తెర ఎదురుగా కనిపించింది. మొదటి వరసలో ఇలా ఉంది:

k;Jq=/v

"అమ్మో" అంది సువర్చల. "ఇది నా పేరండీ!"

చంద్రలేఖ జాలిగా చూసింది. ఆశ పడే మనుషులు గోడ మీది మరకల్లో కూడా పేర్లు చదువుతారని ఆవిడకి తెలుసు.

"కాదమ్మా, అవి ఊరికే..."

"ఊరికే కాదు, వినండి. అరండల్‌పేటలో మాకు డీటీపీ సెంటర్ ఉండేది. పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే ఆయన మొదట నా పేరు కొట్టేవారు. తెలుగులో వచ్చిందా, డాంగిల్ సరిగ్గా కూచున్నట్టు. ఇట్టా వచ్చిందా, కూచోనట్టు. పీకి మళ్ళీ గుచ్చేవారు. ఇన్నేళ్ళు చూశాను, నా పేరు నేను పోల్చుకోలేనా?"

"మీ పేరే ఎందుకూ?"

"కొమ్మూ తలకట్టూ వత్తూ అన్నీ ఒక్క పేరులో పడతాయి, పరీక్షకి బాగుంటుంది అనేవారు." సువర్చల తల వంచుకుంది. "నేను వేరే అనుకునేదాన్ని లెండి."

చంద్రలేఖ లేచి నిలబడింది.

ఇక్కడ కొంచెం ఆగి పాత సంగతి ఒకటి చెప్పుకోవాలి. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, నంబర్లే తెలుసు. యూనికోడ్ వచ్చాక 'క' అంటే భూగోళమంతా ఒకటే నంబరు. అంతకుముందు ఎవరి నంబర్లు వారివి. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్ళలోనే తెలుగు ముక్కల్ని కూచోబెట్టేవారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో, వత్తు మరెక్కడో. డీటీపీ ఆపరేటర్ ఆ ముక్కల్ని అతికించి మాట తయారు చేసేవాడు. ఆ ఫాంట్ ఉంటే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. దొంగకాపీలు చెయ్యకుండా ఆ ఫాంట్‌కి అగ్గిపెట్టెలో పట్టే తాళమొకటి ఇచ్చేవారు. దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే తెలుగు. ఆ తాళమే డాంగిల్.

జీవితమంతా అలా కొట్టిన మనిషి వేళ్ళు ఇప్పుడు కొత్తగా ఎలా కొడతాయి? గురవయ్య మొదటిరోజు నుంచీ తెలుగే మాట్లాడుతున్నాడు. పెట్టెకి ఫాంట్ లేదు, అంతే.

చంద్రలేఖ పాత ఫాంట్ల పట్టికలన్నీ తెప్పించి మార్చి చూసింది. ఒక్కటీ కుదరలేదు. సువర్చల నెత్తి కొట్టుకుంది.

"ఆయన మీటలు మార్చుకున్నారండీ. శుభలేఖల్లో కలశం, అరటిచెట్లు, ఓంకారం ఇట్టాంటి గుర్తులన్నీ చేతికందేట్టు పెట్టుకుని, అక్కడున్నవాటిని వేరేచోటికి జరిపారు. ఆ అమరికంతా ఆయన డాంగిల్లోనే ఉంటది. అదే కావాలి."

"ఎక్కడుంది?"

సెంటర్ మూసేసినప్పుడు సువర్చల బల్లా కుర్చీలతో సహా కంప్యూటర్‌ని స్క్రీన్ ప్రింటింగ్ బాజీకి ఇచ్చేసింది. అది ఏనాటి మాట!

ఇద్దరూ ఆటో ఎక్కారు. గుంటూరు ఎండ మొహం మీద కొడుతోంది. దారి పొడుగునా సువర్చల తెలిసిన దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచింది. సైంటిస్టు చంద్రలేఖ వద్దనలేదు. ఆవిడ పెదవులు కూడా కదులుతున్నాయి.

"ఆ డబ్బానా వదినా? పాతసామాన్లోడికి చూపిస్తే వాడు కూడా వద్దన్నాడు" అన్నాడు బాజీ, రంగు డబ్బాల వెనక నుంచి దాన్ని ఈడుస్తూ. దుమ్ము దులిపారు. కంప్యూటర్ ఉంది. వెనకాల డాంగిల్ లేదు.

సువర్చల నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. "దాన్ని ఏం చేశావయ్యా బాజీ? మీ అన్నయ్య గొంతయ్యా అది!"

బాజీకి ఏమీ అర్థం కాలేదు, భయం మాత్రం వేసింది. సొరుగులన్నీ బోర్లించాడు. గోతాలు దులిపాడు. ఆఖరికి షట్టర్ వేసి సామాను గదికి పోదామని జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. గుత్తికి బిళ్ళలాగా వేలాడుతోంది ఆ డాంగిల్, రంగులు అంటుకుని. సువర్చల లాక్కుని కళ్ళకద్దుకుంది. వంగిపోయిన పిన్నుల్ని జడపిన్నుతో అక్కడే కూచుని నిటారుగా చేసింది.

సాయంత్రానికి పాత కంప్యూటర్ ఆసుపత్రి గదిలో మూలుగుతూ లేచింది. వాగ్వాహిని తీగని దాని కీబోర్డు రంధ్రంలో గుచ్చారు. చంద్రలేఖ కరెంట్ పెంచింది. తెర మీద తెలుగు అక్షరాలు, గుండ్రంగా, నల్లగా:

సువర్చల

సువర్చల నవ్వింది, ఏడ్చింది, ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది. "వచ్చిందండీ! వచ్చింది! చెప్పండి, ఏం కావాలో చెప్పండి!"

కాలిపోతోంది. తలంతా కాలిపోతోంది. పెంచొద్దని చెప్పు. పెంచొద్దు పెంచొద్దు పెం

చంద్రలేఖ చెయ్యి దానంతటదే మీటని కిందికి లాగేసింది. తెర ఖాళీ అయింది.

"మెదడుకి నొప్పి తెలియదు" అంది చంద్రలేఖ, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "తెలియదనే చదువుకున్నాం." మెదడు చుట్టూ ఉండే పొరకి తెలుస్తుందని ఆ వెంటనే ఆవిడకే గుర్తొచ్చింది. పెట్టె పోగుచేసిన పాత వరసల్ని డాంగిల్ మీదుగా నడిపించింది. అన్ని రోజుల మాటలూ వరసగా వచ్చాయి. ప్రతిరోజూ మొదట సువర్చల పేరు. ఆ తర్వాత కేకలు. కేకలు అర్థంకాక పెట్టె కరెంట్ పెంచింది, కరెంట్ పెరిగి కేకలు ఎక్కువయ్యాయి. నిన్నటి వరస దగ్గర సువర్చల చూపు ఆగిపోయింది.

నీ గొంతు వినబడుతోంది. నువ్వే పెంచమంటున్నావేంటే.

సువర్చల ఏడవలేదు. ఆయన చేతిని మెల్లిగా వదిలేసి, తన చేతుల్ని చీరకి తుడుచుకుంది. ఎంత తుడుచుకున్నా తృప్తి కలగలేదు.

"తగ్గించి మాట్లాడించలేరా?"

"ఈ మోతాదు కింద అక్షరం రాదమ్మా. కొత్త తీగలు కనిపెట్టాలి. ఏళ్ళు పడుతుంది."

"అయితే పీకెయ్యండి."

చంద్రలేఖ మండలి అధ్యక్షుడికి ఫోన్ చేసింది. పేరు చెప్పకుండా, ఇలాంటి రోగి ఒకడుంటే అని అడిగింది. ఆయన రిటైరైన జడ్జి, నెమ్మదస్తుడు. "మనిషికి తెలివి ఉందని తెలిశాక గొంతు తీసెయ్యడం హత్యతో సమానమమ్మా" అన్నాడు. మరి రోగే తీసెయ్యమంటే? "నొప్పిలో అన్నమాట సమ్మతి కింద చెల్లదు. నొప్పి లేనప్పుడు అడిగి రాయించుకోండి." నొప్పి లేనప్పుడు గురవయ్యకి మాట ఉండదు. ఆ సంగతి చట్టం రాసినవాళ్ళకి తట్టలేదు. వాళ్ళు మంచి మనసుతోనే రాశారు.

మర్నాడు మండలి వాళ్ళు వచ్చేముందు సువర్చల మొగుడి చెవి దగ్గర వంగింది. "ఏవండీ, నన్ను క్షమించమని అడగను. వాళ్ళొచ్చినప్పుడు ఇంకొక్కసారి ఓర్చుకోండి. అంతే. తర్వాత మనింటికి పోదాం. నేనేం చెప్పినా తప్పుగా అనుకోకండి." ఆయన కళ్ళు కప్పుకేసే చూస్తున్నాయి. విన్నాడో లేదో అడగాలంటే కరెంట్ పెట్టాలి.

సువర్చల కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి డాంగిల్ పీకి పిడికిట్లో దాచుకుంది. చంద్రలేఖ చూసింది. ఆవిడ జీవితంలో ఇంతటి విజయం మళ్ళీ రాదు. అయినా వెళ్ళి మండలి వాళ్ళకి కుర్చీలు సర్దింది.

అధ్యక్షుడు మరో ఇద్దరితో వచ్చి కుర్చీలో కూచున్నాడు. పరీక్ష మొదలైంది. మీట పైకి వెళ్ళింది.

k;Jq=/v

ఆ తర్వాత అర్థంకాని అక్షరాలు బారులు తీరాయి. సువర్చల తెర మీంచి చూపు తిప్పలేదు, తిప్పితే తప్పించుకున్నట్టవుతుందని. ఉన్నట్టుండి వరస మధ్యలో మళ్ళీ k;Jq=/v వచ్చింది. మళ్ళీ ఇంకోసారి వచ్చింది. పేరు తెలుగులో పడలేదని అనుమానం వచ్చిన రోజుల్లోనే ఆయన దాన్ని రెండోసారి కొట్టేవాడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు అధ్యక్షుడు.

"నాయిస్, సార్. అర్థం లేని సిగ్నల్" అంది చంద్రలేఖ.

ఆయన కళ్ళజోడు తీసి సువర్చలకేసి దయగా చూశాడు. "బాధపడకమ్మా. పాపం, ఆయనకి ఏమీ తెలియడం లేదు. మీరేమైనా చెప్పదలుచుకున్నారా?"

పిడికిట్లో డాంగిల్ పిన్నులు గుచ్చుకుంటున్నాయి.

"మా ఆయనకి తెలివి లేదండీ. త్వరగా రాసుకోండి" అంది సువర్చల, మంచం మీది మనిషికి వినబడేంత గట్టిగా.