కారు వెనక నీళ్లు

తెల్లారేసరికి కువో చింగ్‌ఫు వాకిట్లో ఉంటాడు. థర్మాకోల్ పెట్టెల్లో పెంచే ఉల్లికాడలకు నీళ్లు పోయడం ఆయన మొదటి డ్యూటీ. హవల్దారుగా రిటైరై ఏళ్లు గడిచినా ఆ ఇంట్లో బూట్లు వరసలో ఉండాలి, ఉల్లికాడలు కూడా వరసలోనే మొలవాలి. భార్య పోయాక ఆయన హుకుం చెల్లనిది ఒక్క తల్లి దగ్గరే. ఎనభై దాటిన ఆ ముసలమ్మకు చెవులు సగమే పనిచేస్తాయి గానీ, కుతూహలానికి మాత్రం ఏ లోటూ లేదు.

ఆ ఆదివారం సెలవు మీద ఇంటికొచ్చిన కూతురు పెయ్‌షాన్ ముల్లంగి అట్లు వేయించి బల్ల మీద పెట్టింది. ఆమె సైన్యంలో కెప్టెన్. తండ్రి కూర్చోగానే, ధైర్యం సడలకముందే చెప్పేసింది.

"నాన్నా, ఈసారి సైన్యం చేయించే సామూహిక వివాహాలకు పేర్లిచ్చాం. నేనూ, యూజెన్."

యూజెన్ పేరు ఆ ఇంట్లో తెలియనిది కాదు. వాళ్లుండే ఫెంగ్‌షాన్ ఊళ్లోనే బడిపంతులమ్మ. కానీ మనిషిని ఎవరూ చూడలేదు. చింగ్‌ఫు గడప తొక్కనివ్వలేదు, ఫోటో చూపించబోతే మొహం తిప్పుకున్నాడు.

ఆయన నోరు విప్పేలోపు ముసలమ్మ అందుకుంది.

"ఇద్దరూ పెళ్లికూతుళ్లేనా? మరి కారు ఎవరింటికొస్తుందే?"

"రెండిళ్లకీ వస్తుంది నాయనమ్మా."

"కారు కదిలేటప్పుడు పుట్టింటి పంతాలు ఇక్కడే వదిలేసినట్టు విసనకర్ర విసిరేదెవరు?"

"ఇద్దరం."

"మరి నీళ్లో? పిల్ల అత్తారింటికి వెళ్తుంటే కారు వెనక బేసిన్‌తో నీళ్లు కుమ్మరించాలి కదా, ఇంక తిరిగి రాదని. ఇక్కడ అత్తారిల్లే లేదు, రెండూ పుట్టిళ్లే. ఎవరు ఎక్కడికి వెళ్తున్నట్టు?"

పెయ్‌షాన్‌కు నవ్వొచ్చింది. "ఏమో, అది మేమూ ఆలోచించలేదు."

"ఆలోచించక్కర్లేదు," అన్నాడు చింగ్‌ఫు. "నేను రాను. నీళ్లూ పొయ్యను."

"పైనుంచి ఆర్డరొస్తే కిక్కురుమనకూడదని ఇన్నేళ్లూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు కదరా," అంది ముసలమ్మ. "ఇప్పుడు పైవాళ్లే సరేనంటే కాదనడానికి నువ్వేమన్నా జనరల్‌వా?"

"నీకు తెలీదమ్మా, ఊరుకో!" ఆయన గొంతు లేచింది. "ఆర్డరు కాగితం మీదికి ఒక్క రోజులో వస్తుంది. బ్యారక్‌లోకి దిగడానికి ఒక తరం పడుతుంది. మా వంటశాలలో ఒకడుండేవాడు. వాడి సంగతి బయటపడ్డాక వాడు వండిన అన్నం ఒక్కడూ ముట్టలేదు. ముందురోజు దాకా లొట్టలేసుకుంటూ తిన్నవాళ్లే. చివరికి ఎక్కడో దీవికి బదిలీ చేసి పారేశారు." కూతురివైపు తిరిగాడు. "రేపు పేపర్లో నీ ఫోటో వేస్తారు. ప్రమోషన్లిచ్చేవాళ్లు ఆ ఫోటో మర్చిపోతారనుకున్నావా?"

ఇన్నాళ్లూ తాను కోపమనుకున్నది భయమని పెయ్‌షాన్‌కు అప్పుడు తెలిసింది.

"నాన్నా, పోయినేడు సైనిక విన్యాసాల్లో నా బండి బోల్తాపడినప్పుడు మావాళ్లు ఎవరికి ఫోన్ చేశారు?"

"నాకు. ఇంకెవరికి చేస్తారు?"

"యూజెన్‌కి ఎవరూ చెయ్యలేదు. మా డ్రైవర్ నోటివెంట విని మిలటరీ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ఇంటివాళ్లనే రానిస్తామన్నారు. అది రూలు, వాళ్ల తప్పూ కాదు. ఆపరేషన్ అయ్యేదాకా గేటు బయట బెంచీ మీద వానలో కూర్చుంది. నాకు కావాల్సింది ఫోటో కాదు నాన్నా. ఆ గేటు."

చింగ్‌ఫు తన పళ్లెం పక్కకి జరిపాడు.

"పసుపు రెయిన్‌కోటా?" అన్నాడు.

"అవును. మీకు గుర్తుందా?"

"టీ కొనుక్కోవడానికి బయటికొచ్చాను. ఆ పిల్ల నీళ్లు కారుతూ కూర్చుంది. నా టీ ఇచ్చి, ఎవరి తాలూకమ్మా అనడిగాను. ఎవరి తాలూకూ కాదండీ అంది."

"ఆ రోజు ఇంటికొచ్చి చెప్పావురా," అంది ముసలమ్మ మెల్లగా. "లోపల ఎవరూ లేకపోయినా వానలో కూర్చుంది, పిచ్చిపిల్లేమో అన్నావు."

"ఫోటోల్లో చూసిన మొహం కదా, మిమ్మల్ని గుర్తుపట్టింది నాన్నా. నిజం చెబితే మీరు కోపంతో వెళ్లిపోతారేమో, నేను కళ్లు తెరిచేసరికి నా పక్కన ఎవరూ ఉండరేమోనని భయపడిందట."

చింగ్‌ఫు లేచి వాకిట్లోకి వెళ్లాడు. తడిసిన ఉల్లికాడలకే మళ్లీ నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. పెట్టెలోంచి నీళ్లు పొర్లి చెప్పులు తడుస్తున్నా చూసుకోలేదు. సెలవు ముగిసి కూతురు వెళ్లేదాకా వస్తానని గానీ, రానని గానీ అనలేదు.

పెళ్లిరోజు పొద్దున్న యూజెన్ కూర్చున్న కారు వాకిట్లో ఆగింది. పెయ్‌షాన్ యూనిఫాంలో వెళ్లి పక్కన కూర్చుంది. ముసలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ కారు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, మీ ఇంట్లో నీళ్లు పోశారా?"

"మా అమ్మ సగం పోసి సగం అట్టేపెట్టిందండీ," అంది యూజెన్ సిగ్గుపడుతూ. "మీరేం చేస్తారో చూసి మిగతా సంగతి చూస్తుందట."

పెయ్‌షాన్ విసనకర్ర కిందికి విసిరింది. అప్పుడు చింగ్‌ఫు ఇస్త్రీ కోటు వేసుకుని, నిండు బేసిన్‌తో బయటికొచ్చాడు.

"పొయ్యరా!" అంది తల్లి.

ఆయన కారుకి వీపు తిప్పి, బేసిన్‌లో నీళ్లన్నీ ఉల్లికాడల పెట్టెలో పోశాడు.

"పొయ్యనని ఆ రోజే చెప్పాను కదమ్మా. ఈ ఇంట్లోంచి ఎవరూ పోవట్లేదు," అన్నాడు. తల్లిని చెయ్యి పట్టుకుని పిల్లల పక్కన ఎక్కించి, తను డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక యూజెన్ ఏడుస్తోందని తెలిసినా తిరిగి చూడలేదు. చూస్తే తనూ ఏడుస్తాడు.

పెళ్లి జరిగే మైదానం గేటు దగ్గర కాపలా సిపాయి కారు ఆపాడు. పెయ్‌షాన్‌కు సెల్యూట్ చేసి, పక్కనున్న తెల్లగౌను అమ్మాయిని చూసి, చేతిలో కాగితం తిరగేశాడు.

"ఈవిడ ఎవరి తాలూకండీ?"

చింగ్‌ఫు అద్దం పూర్తిగా దించాడు.

"మా తాలూకే," అన్నాడు. "గేటు తియ్యి బాబూ."