మెట్ల పక్క గొట్టం

అనకాపల్లిలో దసరా పందిళ్ళకి సెట్టింగులు వేసేవాళ్ళలో నా అంత కోపిష్టి లేడని పేరు. ఉన్నమాటే. మేకు వంకరగా దిగితే ఆ పూట నాకు అన్నం సయించదు. ఈ ఏడు బెల్లం మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో మాయా గుడి, అంటే పూర్వం మెక్సికో వైపు మాయా అనే జాతివాళ్ళు కట్టినలాంటిది, కావాలంది కమిటీ. మెట్లు మెట్లుగా పైకి లేచి, కొసన చిన్న గది ఉండే గుడి. ఆ గదిలో అమ్మవారిని కూర్చోబెడతారు.

బొమ్మలు గీసిచ్చింది ప్రెసిడెంటు గారమ్మాయి హాసిని. ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆ గుళ్ళు ఇప్పుడు బూడిదరంగు రాళ్ళలా కనిపిస్తాయి గానీ, కట్టిన రోజుల్లో ఎర్రరంగు పూసేవారట. సరే, ఎరుపే వేద్దాం అన్నాను.

చిక్కంతా ఆ స్థలంతోనే. నిరుడు అక్కడ నేనే గోపురం సెట్టింగు వేశాను. రంగులు వేసే దేముడనే కుర్రాడు దాని మీంచి లోపలికి పడి చచ్చిపోయాడు. ఆ వెదురు చట్రాన్ని అప్పటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు. మా పనిలో ఒక పట్టింపు ఉంది. మనిషి పడ్డ వెదురు గడని మళ్ళీ కట్టరు, నరికి కాల్చేస్తారు. నాకు చూస్తే పది రోజులే గడువు.

"విప్పడం దేనికి అంకుల్?" అంది హాసిని. "మాయావాళ్ళు చాలాచోట్ల పాత గుడిని పడగొట్టేవారు కాదు. దాని మీదే కొత్తది కట్టేసేవారు. పాతది లోపల అలాగే ఉండిపోయేది."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. పాత చట్రం చుట్టూ కొత్త మెట్లు లేపేశాను.

ఇంకో సరదా కూడా ఆ పిల్లదే. ఒక గుడి కింద రాజుని సమాధి చేసి, ఆయన గది నుంచి పైదాకా మెట్ల పక్కనే రాతి గొట్టం కట్టారట. లోపలాయనకి పైవాళ్ళతో సంబంధం తెగకూడదని. "ఫోన్లు లేని రోజులు పాపం" అని నవ్వి, నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం వేశాను. దాని కింది కొస పాత చట్రం మధ్యకి దిగింది. దేముడు పడ్డ చోటుకి.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, దేముడు బతికుండగానే మంచి పనివాడు. చెరుకు క్రషర్లో కుడి చూపుడువేలు పోయినా, మిగతా వేళ్ళతో బ్రష్ పట్టి ముగ్గేసినట్టు గీసేవాడు. ఆ రోజు పైకి ఎక్కబోతూ, "పైకట్టు బిగించేవా మామా?" అని అడిగాడు. పై గడని పట్టి ఉంచే తాడుకట్టు అది. నేను బిగించలేదు. పని ఆగిపోతుందని, "బిగించేను, ఎక్కరా" అన్నాను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఈసారి దేముడి బదులు నా బావమరిది త్రినాధ వచ్చాడు. నా భార్య కుమారికి ఒక్కగానొక్క తమ్ముడు. "ఆడికేటైనా అయితే నీ మొకం సూడను" అంది కుమారి. ప్రతి కట్టూ నా చేత్తోనే బిగిస్తానని మాటిచ్చాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేదు. మార్కెట్లోంచి బెల్లం వాసన, దాని వెనకే టర్పెంటైన్ వాసన. మేమింకా తెల్ల ప్రైమరైనా వెయ్యలేదు. ఎర్ర రంగు డబ్బాలు విశాఖపట్నం నుంచి రానేలేదు.

గొట్టంలో ఏదో చప్పుడు. ఆగి ఆగి... చెక్క మీద బ్రష్ గీస్తున్నట్టు.

"ఇన్నావేటి?" అన్నాను గొంతు తగ్గించి.

"ఎలకలు బావా" అన్నాడు త్రినాధ. లోపలికి దూరి కింది కొసకి మూత పెట్టి, గమ్ముతో అంటించేసి వచ్చాడు.

చప్పుడు ఆగలేదు.

నేను పైకెక్కి కట్లు చూసుకుంటున్నాను. పొద్దున్న నా చేత్తో బిగించిన పైకట్టు వదులుగా వేలాడుతోంది. తెగలేదు. ఎవరో నిదానంగా విప్పినట్టుంది. తాడు కొస పళ్ళతో పట్టుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాను.

నాకు ఒక మెట్టు కిందనుంచి త్రినాధ అడిగాడు. "బావా, పైకట్టు బిగించేవా?"

నా నోట్లో తాడుంది. నేను మాట్లాడలేదు.

నా మోకాలి పక్కనున్న గొట్టంలోంచి జవాబు వచ్చింది.

"బిగించేను, ఎక్కరా."

నా గొంతే. నిరుటి నా గొంతు.

త్రినాధ గడ మీద కాలు పెట్టాడు. గడ తిరిగిపోయింది. వాడు లోపలికి జారాడు... చెయ్యి దొరికింది. రెండు చేతులా పట్టుకున్నాను. కింద పాత చట్రం, చీకటి. త్రినాధ బక్కపలచటి మనిషి. కానీ నా చేతుల్లో ఉన్నది ఒక్క మనిషి బరువు కాదు.

"బావా..." అన్నాడు మెల్లగా. "కాలు..."

వేళ్ళు జారుతున్నాయి. నేను గొట్టం దగ్గరికి తల వంచాను.

"బిగించలేదురా దేముడా," అన్నాను. "అబద్దం సెప్పేను."

బ్రష్ చప్పుడు ఆగింది. బరువు సగానికి సగం తగ్గిపోయింది. వాణ్ణి పైకి లాగేశాను.

ఊపిరి కుదుటపడ్డాక త్రినాధ అడిగాడు.

"ఎవులితో మాటాడేవు బావా?"

"ఎవులితోనూ కాదు" అన్నాను.

ఆ రాత్రే మనుషుల్ని పెట్టి గుడి మొత్తం విప్పించాను. పాత గడలన్నీ నరికి కాల్చేశాను. కమిటీవాళ్ళు తిట్టిన తిట్లు పడ్డాను. పడాల్సినవే.

త్రినాధ మా ఇంట్లోనే పడుకున్నాడు. వాడి చీలమండ మీద ఎర్రరంగు ముద్ర ఉంది. బొటనవేలు, పక్కన ఖాళీ, తరవాత మూడు వేళ్ళు.

"ఇదేటి?" అంది కుమారి.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కుమారి ముఖం చూశాక చెప్పలేకపోయాను. "పందిట్లో రంగు అంటుకుంది" అన్నాను. కిరసనాయిలు పెట్టి తుడిచింది, పోయింది.

పొద్దున్న లేచేసరికి ముద్ర మోకాలి మీద ఉంది. తడిగా ఉంది.

కుమారి మళ్ళీ అడిగింది.

రంగే అన్నాను.

ఈ రోజు నడుం దగ్గర ఉంది.