ఏడు మీద ఒకటి

కెంపమ్మ పట్టుపురుగుల తట్టలు లెక్కపెట్టే తీరు దిబ్బూరహళ్ళిలో తెలియనివాళ్ళు లేరు. ఐదు, ఆరు, ఏడు, ఏడు మీద ఒకటి, తొమ్మిది. మధ్యలో ఉన్న అంకె ఆమె నోట ఎవరూ విన్నది లేదు. ఆటపట్టిస్తే నవ్వేసేది గానీ, చచ్చినా ఆ మాట పలికేది కాదు.

ఆ పొద్దున ఇంట్లో పెద్దగా పని లేదు. పట్టుపురుగులు ఆకు ముట్టకుండా నిద్రలో ఉన్నాయి. కొడుకు నందీశ్ ఎరువుల కోసం శిడ్లఘట్ట పోయాడు. కోడలు మంజుశ్రీ స్నానానికి వెళ్ళింది. నెల నిండబోతున్న మనవరాలి ఉయ్యాల ఊపుతూ కూర్చుంది కెంపమ్మ. కోడలి ఫోన్ మోగితే తనే తీసింది.

"ఆస్పత్రి నుంచి అమ్మా. నెలలు నిండక పుట్టిన బిడ్డల కళ్ళ మీద ఈడ పరిశోధన చేస్తాండాము. మీ పాపకు ఆక్సిజన్ పెట్టినాం గదా, తొమ్మిదో నెల అని చెప్పినారని కళ్ళు చూడలేదు. అది నిజమేనా అని అడగాల."

"కళ్ళకేమైతాది?"

"ఇంకా ముందు పుట్టింటే కంటి వెనకాల నరాలు సరిగ్గా పెరగవు. పైకేమీ తెలీదు. నెల లోపల చూసి లేజర్ పెడితే సరి. పొద్దు మీరితే చూపు పోతాది, మళ్ళా రాదు."

నిజం కెంపమ్మకు తెలుసు. ప్రసవం నాడు మంజుశ్రీకి ఫిట్స్ వచ్చి స్పృహ లేదు. నెలల లెక్క రాసిన కార్డు హడావిడిలో ఇంట్లోనే మిగిలిపోయింది. ఎన్నో నెల అని నర్సు అడిగితే చెప్పింది కెంపమ్మే. పాప కాస్త ఒళ్ళుగా పుట్టింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"తొమ్మిదేనమ్మా," అని ఫోన్ పెట్టేసింది.

ఎర్ర పట్టుగుడ్డ ఒకటి తెచ్చి ఉయ్యాల మీద అటూ ఇటూ ఆడించింది. పాప కళ్ళు తెరిచే ఉన్నాయి. గుడ్డ వెంట రాలేదు. ఈ వయసు బిడ్డలు ఇంతేలే అని తనకు తనే చెప్పుకుంది. కిటికీ దగ్గరకు ఎత్తుకుపోయి వెలుగు చూపింది. పాప ఆవలించి, ఎటో చూసింది. పురుగుల గదిలో ఆకు నమిలే చప్పుడు కూడా లేని ఆ పొద్దు కెంపమ్మకు ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుగా తోచింది.

మధ్యాహ్నానికి నందీశ్ వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"అమ్మా, నీ గొంతు అదోలా ఉండాదని ఆస్పత్రి ఆయమ్మ నాకూ ఫోన్ చేసె. పాప తొమ్మిదో నెలలో పుట్టెనని చెప్తివంట గదా?"

జుట్టు ముడి వేసుకుంటున్న మంజుశ్రీ చేతులు ఆగిపోయాయి. "తొమ్మిదా? ఎనిమిది పడి నాలుగు దినాలే గదా. ఎందుకట్ల చెప్తివి అత్తా?"

కెంపమ్మ తల వంచుకుంది. "నందీశ్‌కు ముందు నాకొక ఆడబిడ్డ పుట్టె. ఆ నెలలోనే. ఏడో నెల బిడ్డ నిలుస్తాది, ఈ నెల బిడ్డ నిలవదని మంత్రసాని నా ముందరే అనె. తెల్లారేలోగా పాయె. ఆ మాట మళ్ళా నా నోట వస్తే ఈ పాప గూడా..."

"నువ్వు పలకకుంటే నా బిడ్డ ఇంకో నెల నా కడుపులో ఉండిపోతాదా అత్తా?"

గట్టిగా అనలేదు మంజుశ్రీ. అరిచి ఉంటే బాగుండుననిపించింది కెంపమ్మకు. పాపను గుడ్డలో చుట్టుకుని కోడలు కారెక్కింది. రమ్మని ఎవరూ పిలవకపోయినా కెంపమ్మ కూడా వెనక సీట్లో కూర్చుంది. కారు చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి చేరింది.

"సరిగ్గా ఎన్నో నెల?" కళ్ళ డాక్టరమ్మ అడిగింది.

మంజుశ్రీ అత్త వైపు చూసింది. "నువ్వు చెప్పిందే వాళ్ళు నమ్మిరి. నువ్వే దిద్దు."

"ఏడు..." కెంపమ్మ పాప వైపు చూసింది. "ఏడు మీద..." బల్ల మీద పాప ఏడుస్తోంది. ఆ మాట పలికితే ఆ ఏడుపు ఆగిపోతుందేమోనని ఆమె భయం. కళ్ళు మూసుకుంది.

"ఎనిమిది. ఎనిమిదో నెలమ్మా."

పాప ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు వింటూ కెంపమ్మ గోడకు చేరబడింది.

చుక్కల మందు వేసి, లైటు పెట్టి, డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ముఖం తేలిక పడలేదు. "నరాలు దారి తప్పినాయి. రేపే లేజర్ పెట్టాల. ఇంకో వారం ఆగింటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. చూపు నిలుస్తాదనే అనుకుంటాండాను. అయినా విడవకుండా చూపిస్తా ఉండాల."

మరునాడు లేజర్ అయింది. డాక్టరమ్మ చెప్పాల్సింది ముగ్గురికీ కలిపి చెప్పింది. నందీశ్ కారు తేవడానికి వెళ్ళాడు. రెప్పలు ఉబ్బి నిద్రపోతున్న పాపను మంజుశ్రీ కాసేపు చూసుకుని, అత్త ఒళ్ళో పెట్టింది. నిన్న డాక్టరమ్మ ముందు అన్నదాని తర్వాత ఆమె అత్తతో పలకడం అదే మొదలు.

"మళ్ళా ఎప్పుడు రమ్మనిరి అత్తా?"

కోడలికి తెలియక కాదని కెంపమ్మకు అర్థమైంది.

"ఎనిమిది దినాలకు."

"ఇంకోతూరి చెప్పు."

"ఎనిమిది దినాలకు తల్లీ. ఎనిమిది," అంటూనే కెంపమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, మనవరాలి కోసమే కాక ఆ మొదటి బిడ్డ కోసం కూడా ఇన్నేళ్ళకు నోరారా ఏడ్చింది. మంజుశ్రీ కొంగుతో అత్త కళ్ళు తుడిచి, పక్కనే కూర్చుంది.