మూడో క్యాబిన్‌లో ఉత్తరాలు

"ఆన్‌లైన్ పనులన్నీ బంద్. జిరాక్స్ ఒక్కటే ఉంది," అన్నాడు సాయికుమార్ తల ఎత్తకుండానే.

"జిరాక్స్ నాకెందుకు? నా పాత మెయిల్ తెరిచిపెట్టు. పాస్‌వర్డ్ మర్చిపోయాను, నీ దగ్గర రాసి ఉంటుంది."

ఆ గొంతు విని తల ఎత్తాడు. నీహారిక! తడిసిన చున్నీని గుమ్మంలోనే పిండుతోంది. తొమ్మిదేళ్ల తర్వాత కనిపించిన మనిషిని పలకరించే తీరు ఇది కాదని అతనికీ తెలుసు. ఏం లాభం, మాట జారిపోయింది.

"ఎప్పుడొచ్చినవ్ బెంగళూరు నుంచి?"

"నిన్న. ఇంకా మూయలేదా ఈ నెట్ సెంటర్?"

"ఆదివారం మూస్తున్న. ఖుషీనా?" అన్నాడు. అంతటితో ఆగక, "పెండ్లయిందా?" అని కూడా అడిగేశాడు.

"నీకెందుకు? కాలేదు. నీకు?"

"నాకెవరిస్తరు పిల్లని?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

ఒకప్పుడు ఛత్రినాకలో నెట్ సెంటర్ అంటే సాయి వాళ్ల బాపుదే. ఫోన్ లైన్ గీపెట్టి గీపెట్టి కనెక్ట్ అయ్యే రోజుల్లో ఈ గుమ్మం ముందు క్యూ ఉండేది. తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చి ఆరు క్యాబిన్లూ నిండాయి. ఆ తర్వాత ప్రతివాళ్లూ నెట్‌ని జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టారు, కుర్చీలు మిగిలాయి. ఆదివారం అఫ్జల్‌గంజ్ నుంచి పాత సామాన్లవాడు వచ్చి కంప్యూటర్లన్నీ తీసుకుపోతాడు.

నీహారిక మెయిల్ ఐడీ ఎంసెట్ ఫారం నింపిన రోజున ఇక్కడే పుట్టింది. ఆమె ఉద్యోగానికి వెళ్లాక, వాళ్లమ్మ కామేశ్వరమ్మ ప్రతి శనివారం మూడో క్యాబిన్‌లో కూర్చుని ఉత్తరం చెప్పేది. సాయి టైప్ చేసి పంపేవాడు. ఫోన్‌లో అడగడానికి మొహమాటపడే మాటలన్నీ ఆవిడ ఉత్తరంలో రాయించేది.

సాయి ఆ ఐడీ కొట్టి చూశాడు. అకౌంట్ లేదని వచ్చింది.

"ఏండ్ల తరబడి తెరవకుంటే తీసేస్తున్నరు ఇప్పుడు," అన్నాడు మెల్లగా.

నీహారిక కుర్చీలో కూలబడింది. "అన్నీ ఫోన్‌లోనే కదా అని పట్టించుకోలేదు సాయీ. అమ్మ పోయి తొమ్మిదేళ్లు, ఆమె గొంతు రికార్డు ఒక్కటి కూడా లేదు నా దగ్గర. ఆ మెయిల్సయినా ఉన్నాయనుకున్నాను." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

ఉత్తరాలు పోలేదని సాయికి తెలుసు. నెట్‌కి నిమిషాల లెక్కన బిల్లు పడే రోజుల్లో, ముందు నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసుకుని, కనెక్ట్ అయ్యాక మెయిల్‌లో పేస్ట్ చేయడం బాపు నేర్పిన పద్ధతి. ఆ రోజులు పోయినా సాయికి ఆ అలవాటు పోలేదు. ఉత్తరాలన్నీ మూడో కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. చివరి ఉత్తరంలో అతను పంపకుండా దాచిన మాట కూడా ఉంది. అది చదివితే ఆమె ఇక తన మొహం చూడదు. ఆదివారం దాకా నోరు మూసుకుంటే చాలు, ఆ డబ్బా తుక్కులోకి పోతుంది.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "సరే, వెళ్తాను."

"ఆగు," అన్నాడు సాయి.

మూడో క్యాబిన్‌లో కంప్యూటర్ మూలుగుతూ తెరుచుకుంది. నీహారిక ఒక్కో ఉత్తరమే చదువుకుంది. బియ్యానికి పురుగు పట్టిందని అమ్మ తిట్టిన తిట్లకి ఏడుపులోనే నవ్వింది. చివరిది తెరిచింది.

"నీహా, పెళ్లి మాట ఎత్తితే కసురుతావు. ఈ ఉత్తరం టైప్ చేస్తున్న అబ్బాయి నాకు నచ్చాడు. నీకూ ఇష్టమేనని నా అనుమానం. అవునో కాదో రాయి. ఎదురుచూస్తుంటాను."

"ఇది నాకు రాలేదే!"

"ఆ ముక్క తీసేసి పంపిన," అన్నాడు సాయి. "డిగ్రీ తప్పినోణ్ని. నువ్వు ఇంజినీర్‌వి. నవ్వుతవేమోనని భయమైంది."

"మరి అమ్మ?"

"మూడు శనివారాలు అడిగింది, జవాబొచ్చిందా బాబూ అని. రాలేదమ్మా అన్న. మూడోసారి, 'దానికి కోపమొచ్చినట్టుంది' అనుకుంట ఇంటికి పోయింది. నిజం చెప్పనీకి ధైర్యం చాలలే. ఆ బుధవారమే..."

ఆ బుధవారమే కామేశ్వరమ్మ గుండె ఆగిపోయింది.

బయట రేకుల మీద వాన దంచుతోంది. నీహారిక ఆ ఉత్తరాన్ని మళ్లీ మొదటినుంచీ చదివింది. "ఆఖరి రోజుల్లో ఫోన్‌లో అమ్మ ముభావంగా ఉండేది. ఎందుకో తెలియక ఇన్నేళ్లూ కుమిలిపోయాను. నిన్ను కొట్టాలనుంది."

"కొట్టు."

"కొడితే అమ్మకి జవాబు అందుతుందా?"

సాయి తెర మీది ఆ ముక్కనే చూస్తున్నాడు.

"అసలు నీకు ఇష్టం ఉండేదా?"

"ఇప్పటికీ ఉంది. గిరాకీ లేకున్నా తొమ్మిదేండ్లు దుకాణం ఎందుకు సాగదీసిన అనుకుంటున్నవ్?"

నీహారిక తల్లి కూర్చునే కుర్చీని గోడవైపు జరుపుకుని, అతనికి చోటిచ్చి కూర్చుంది. "కొత్త ఫైల్ తెరువు. నేను చెప్తాను, టైప్ చెయ్."

"ఎవరికి?"

"అమ్మకి."

సాయి కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"అమ్మా, నీ ఉత్తరం ఇవాళ అందింది. నీ అనుమానం నిజమే." ఆ వాక్యం తెర మీద పడేదాకా చూసింది. "ఇతని మీద నాకు చాలా కోపంగా ఉంది. తగ్గడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలీదు. తగ్గేదాకా ఇతన్ని నా కళ్లెదుటే ఉంచుకుంటాను."

సాయి వేళ్లు ఆగిపోయాయి.

"ఆపావేం? కొట్టు. ఈసారి ఒక్క ముక్క తీసేసినా ఊరుకోను."

సాయి అంతా టైప్ చేశాడు. కళ్లు మసకబారి రెండు చోట్ల తప్పులు పడ్డాయి. వాటినీ అలాగే ఉంచేశాడు.