ఎక్కువొచ్చిన డబ్బు

చిన్నకోడలు చెక్కగుర్రానికి రెండో చెవి తీస్తుండగా ఫోనులో మెసేజ్ వచ్చింది. ఉలి పక్కన పెట్టి, చేతులకంటిన పొట్టు దులుపుకుని చదివింది. మళ్ళీ చదివింది. అకౌంటులో డబ్బు లేదు. లేకపోవడమే కాదు, అంకె ముందు మైనస్ గుర్తు ఉంది. అంటే ఇల్లు ఎదురు బాకీ పడింది!

“ఏవండీ!”

లేత్ మిషను రొదలో భర్తకు వినపడలేదు. ఆమె లేచి వెళ్ళి స్విచ్ ఆపేసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె ఆ స్విచ్ ముట్టుకోవడం అదే మొదటిసారి. అతను తలెత్తి ఆమె ముఖం చూశాడు.

“ఏమైంది?”

“పన్నెండు సెట్ల డబ్బు... వెనక్కి లాగేసుకున్నారు.”

గుమ్మం పక్కన పీట మీద కూర్చుని బంట్లకు ఉప్పుకాగితం పడుతున్న అత్తగారి చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

ఆ ఇంట్లో చదరంగం పావులు చేస్తారు. ముందుగదే పనిగది. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, బంటు... ఇవన్నీ మిషను మీద తిరుగుతాయి, భర్త తిప్పుతాడు. గుర్రం మిషను మీద తిరగదు. దాన్ని చేత్తో చెక్కాలి. ఆ పని మామగారిది. ఆయన పోయాక చిన్నకోడలిదైంది. సెట్టు ధర నిలబడేది గుర్రం మీదే. కొనేవాళ్ళు ముందు దాని మెడ చూస్తారు, తర్వాతే ధర అడుగుతారు. ఒకప్పుడు సరుకంతా టోకు వ్యాపారికి వెళ్ళేది. అతను చెప్పిందే ధర, ఇచ్చిందే డబ్బు. చిన్నకోడలు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాక పరాయి దేశాల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. వాళ్ళ మెసేజ్‌లకు జవాబు చెప్పడం, పెట్టెలు కట్టడం, డబ్బు వచ్చిందో లేదో చూడడం అన్నీ ఆమే. ఆ ఫోను ఇంట్లో అందరిదీ. అయినా అది ఉండేది ఆమె ఉలి పక్కనే.

సాయంత్రం బావగారు వచ్చాడు. భర్తకు అన్న. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. కలప కొనడానికి డబ్బు పెట్టింది అతనే. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

“సరిగ్గా చెప్పమ్మాయ్. ఎవడు లాక్కున్నాడు?”

“మనకు డబ్బు కట్టింది దొంగ కార్డుతోనట బావగారూ. ఆ కార్డు అసలు మనిషి ఇంకెక్కడో ఉన్నాడు. నేనేమీ కొనలేదని తన బ్యాంకుకు చెప్పాడు. బ్యాంకు మన దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకుంది.”

“సరుకో?”

“ఏజెంటు వ్యానులో ఎక్కించుకుపోయాడు కదా...”

“ఆ ఏజెంటు ఎవడి మనిషి?”

“కొన్నవాళ్ళ మనిషి.”

“వాడి బాడుగ?”

భర్త గొంతు సవరించుకున్నాడు. “అదీ మనమే పంపాం అన్నయ్యా. వాళ్ళు మన డబ్బుతో కలిపి ఎక్కువ వేశారు. అందులోంచి పంపాం.”

“శభాష్! దొంగకు తాళంచెవి ఇచ్చి, దీపం పట్టి, మూట నెత్తికెత్తి, పైగా దారిఖర్చు చేతిలో పెట్టి సాగనంపారన్నమాట! ఎవరికొచ్చింది ఈ ఆలోచన?”

చిన్నకోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు చేతిలో బంటు వైపు చూస్తోంది. దాన్ని ఇంకా రుద్దితే తల అరిగిపోతుంది. అయినా రుద్దుతూనే ఉంది.

“నేనే బావగారూ,” అంది చిన్నకోడలు. “మీట నొక్కిన వేలు నాదే.”

జరిగింది వేరు.

ఒక స్కూల్లో చదరంగం హాలు కడుతున్నామని, పన్నెండు సెట్లు కావాలని మెసేజ్ వచ్చింది. బేరం ఆడలేదు. డబ్బు అడిగిన రోజే వచ్చింది, అడిగినదానికంటే ఎక్కువ వచ్చింది. మా ఏజెంటు కార్డు తీసుకోడు, ఎక్కువ వేసింది అతని బాడుగ, దయచేసి అతనికి పంపండి అని రాశారు. ఏజెంటు పొద్దున్నించీ ఫోను చేస్తూనే ఉన్నాడు. పిల్లలు గలవాణ్ణి తల్లీ అన్నాడు. ఆ మాట అత్తగారి చెవిన పడింది.

వీధిలో ఆమెను తక్కెడమ్మ అంటారు. చిల్లర ఎక్కువొస్తే సగం దారి నుంచి వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చే మనిషి. మామగారు బతికుండగా టోకు వ్యాపారి ఒకసారి పొరపాటున ఎక్కువ లెక్కించి ఇచ్చి, మర్నాడు నలుగురిలో ఆయన్ని దొంగ అన్నాడు. అప్పట్నించి ఆ ఇంట్లో ఒకటే చట్టం. ఎక్కువొచ్చిన డబ్బు ఇంట్లో రాత్రి నిద్ర చేయకూడదు.

“వచ్చిన దారినే వెనక్కి పంపేద్దాం అత్తయ్యా,” అంది ఆ రోజు చిన్నకోడలు. “వాళ్ళ బాడుగ వాళ్ళే ఇచ్చుకుంటారు. నాకెందుకో మనసొప్పడం లేదు...”

“అవతల మనిషి అడుగుతుంటే దారులు వెతుకుతావేమిటే? అది వాడి కూలి! పొద్దు పోకముందే పంపు.”

“రేపటిదాకా చూద్దాం అత్తయ్యా. పాలిష్ కూడా ఆరలేదు.”

“పరాయి సొమ్ముకు రేపేమిటి? నీకు తెలియదులే! మీ నాన్న కొట్టు ఎందుకు మూతపడిందో ఊరంతా తెలుసు.”

చిన్నకోడలి తండ్రి కొట్టు అప్పుల్లో మూతపడింది. ఆయన ఆఖరి అప్పు తీర్చాకే మంచం ఎక్కాడు. అది ఊరికి తెలియదు. చెప్పుకునే అవసరం ఆయనకు కలగలేదు. కూతురూ ఆ రోజు చెప్పలేదు. మీట నొక్కింది. మిషను రొదలో భర్తకు ఏదీ వినపడలేదు. రెండోరోజు వ్యాను వచ్చింది. ఏజెంటు పెట్టెలు ఎక్కించుకున్నాడు. రసీదు అడిగితే ‘ఆఫీసు నుంచి వస్తుంది’ అన్నాడు. రాలేదు.

ఇప్పుడు బావగారు పీట మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

“శుక్రవారం వస్తా. ఫోను నాకిచ్చెయ్. ఇకమీద అమ్మకం టోకు వ్యాపారికే. మాట్లాడాను కూడా. గుర్రాలు అచ్చు పోసినవి వాడే ఇస్తాడట, నువ్వు చెక్కక్కర్లేదు. చెయ్యీ కాలూ నొప్పి లేకుండా వంట చేసుకో తల్లీ.”

“గుర్రాలు... అచ్చువా?”

“గుర్రం గుర్రమే కదా! ఆడేవాడికి అది ఎక్కడికి దూకుతుందో తెలిస్తే చాలు.”

అతను వెళ్ళాక భర్త మిషను వేయలేదు. కలప ముక్క చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు.

“నన్నో మాట అడగాల్సింది కదా,” అన్నాడు.

“అవును, అడగాల్సింది.”

“నువ్వు తొందరపడే మనిషివి కావు. గుర్రం కన్ను తీయడానికే పూటంతా తీసుకుంటావు. ఏజెంటుకు మాత్రం అరగంటలో పంపేశావా?”

“పంపేశాను. ఇంక తవ్వకండి...”

అతను తవ్వలేదు. తల్లి ఉన్న గది వైపు ఒకసారి చూశాడు. అతనికి నోరు తక్కువ. అన్న అందుకే అతన్ని మౌనముని అంటాడు.

చిన్నకోడలు ఎందుకు చెప్పలేదంటే, తనకే సరిగ్గా తెలియదు. అత్తగారికి ఆస్తి లేదు, చదువు లేదు. ఉన్నదల్లా ఆ పేరు. ఆ నిజాయితీనే ఎరగా చేసుకుని ఎవడో దోచాడని కొడుకుల ముందు చెప్తే ఆమెకు ఏం మిగులుతుంది? ఒకవైపు ఈ ఆలోచన. మరోవైపు, చెప్పాల్సింది ఆవిడే కదా అన్న మంట! తండ్రిని అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. అత్తగారు తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరుగుతోంది. అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. “ఒంట్లో బాగోలేదా అత్తయ్యా?” అంటే, “నాకేం! గుండ్రాయిలా ఉన్నా,” అంటుంది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడి ఉప్పు సరిపోయిందా లేదా అన్న మాట తప్ప మాట్లాడుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బావగారు వచ్చాడు. చిన్నకోడలు ఫోను తుడిచి బల్ల మీద పెట్టింది. పక్కనే చెక్కడం పూర్తికాని గుర్రం ఉంది, ఒక చెవితో. బావగారు చెయ్యి చాచేసరికి ఫోను మోగింది. కార్డుల డబ్బు వసూలు చేసి పెట్టే కంపెనీ నుంచి, తగాదాలు చూసే డిస్ప్యూట్ విభాగం నుంచి. అందరూ వినాలని అతనే స్పీకరు నొక్కాడు.

“నమస్కారమండీ. కేసు మూసేముందు కొన్ని వివరాలు కావాలి,” అంది ఆడగొంతు. “సరుకు కార్డుదారు అడ్రసుకు పంపినట్టు రుజువు ఉందా? ట్రాకింగ్ నంబరు?”

“లేదండీ. వాళ్ళ ఏజెంటే తీసుకెళ్ళాడు,” అంది చిన్నకోడలు.

“ఎక్కువ వచ్చిన డబ్బు మీ అకౌంటు నుంచి మూడో మనిషికి వెళ్ళింది. ఆ నిర్ణయం ఎవరిదండీ?”

“నాదే.”

“పంపేముందు అనుమానం రాలేదా?”

చిన్నకోడలు నోరు తెరిచింది. రాలేదంటే అబద్ధం. వచ్చిందంటే...

“వచ్చింది!” అంది అత్తగారు.

పీట మీంచి లేచి వచ్చింది. ఒళ్ళో బంట్లు నేల మీద దొర్లిపోయాయి. ఎవరూ ఏరలేదు. బల్ల మీదకు వంగి, ఫోనుకు చెవుడన్నట్టు గట్టిగా మాట్లాడింది.

“అమ్మాయీ, రాసుకో. దానికి అనుమానం వచ్చింది. వచ్చిన దారినే పంపేద్దామంది. రేపటిదాకా ఆగుదామంది. పంపమన్నది నేను.”

“మీరెవరండీ?”

“దాని అత్తగార్ని.”

“క్షమించండి పెద్దమ్మగారూ, ఈ అకౌంటులో మీ పేరు లేదు.”

“లేకపోతే చేర్చు! తప్పు చేసినవాళ్ళ పేరుండద్దూ? ఇంకా ఉంది, రాయి. అది ఆగుదామంటే నేను దాని తండ్రిని అన్నాను. అప్పులు ఎగ్గొట్టిన మనిషన్నట్టు మాట్లాడాను. ఆయన ఎగ్గొట్టలేదు. ఆఖరివాడికిచ్చాకే కన్నుమూశాడు. ఆ ఆఖరివాడు మా పిన్ని కొడుకు. అంటే నాకు తెలుసు! తెలిసే అన్నాను...”

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది.

“పెద్దమ్మగారూ... అది రాయాల్సిన అవసరం లేదండీ.”

“రాయి తల్లీ. ఎక్కడో ఒకచోట రాసి ఉండనీ.”

అవతల కీబోర్డు మీటలు టకటకమన్నాయి. తర్వాత ఆ అమ్మాయి, గొంతు కాస్త మార్చి, “రాశానండీ,” అంది. రుజువు లేదు కాబట్టి నిర్ణయం మారకపోవచ్చని కూడా చెప్పింది. అబద్ధపు ఆశ పెట్టలేదు. నమస్కారం చెప్పి పెట్టేసింది.

బావగారు తల్లి వైపు చూశాడు. “అమ్మా, నువ్వా? నాలుగు రోజుల నుంచి నేను ఈ పిల్లను...”

“నువ్వు అంటుంటే విన్నాను. నోరు లేవలేదురా పెద్దోడా. తక్కెడమ్మ తక్కెడమ్మ అని నెత్తికెత్తారు కదా. దిగడానికి భయమేసింది.” ఆమె కోడలి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు. “నువ్వెందుకు చెప్పలేదే? నన్ను కాపాడమని అడిగానా?”

“మీరు చెప్తారని చూశాను అత్తయ్యా.”

“ఆలస్యం చేశానా?”

చిన్నకోడలికి అప్పుడు ఏడుపొచ్చింది. మెసేజ్ వచ్చిననాడు రాలేదు, బావగారు అన్ననాడు రాలేదు. “మా నాన్న గురించి... ఆ మాట చాలు అత్తయ్యా! ఇంకేమీ వద్దు!” అని బల్ల మీద తల పెట్టేసింది. అత్తగారు ఆమె జుట్టులో ఇరుక్కున్న చెక్కపొట్టు ఒక్కొక్కటే ఏరి తీసింది. భర్త నేల మీద కూర్చుని బంట్లు ఏరాడు.

బావగారు ఫోను వైపు చూశాడు. తీసుకోలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో ఆగాడు.

“అమ్మాయ్, ఇకమీద సరుకు మా ఆఫీసు నుంచే పోవాలి. కొన్నవాడు ఎంత తియ్యగా మాట్లాడినా సరే, నంబరు లేకుండా పెట్టె గుమ్మం దాటకూడదు. తెలిసిందా?”

“తెలిసింది బావగారూ.”

“ఆ టోకువాడికి అచ్చు గుర్రాలు వద్దని చెప్తాలే. వాడి గుర్రాలు, నిజం చెప్పాలంటే, గాడిదల్లా ఉన్నాయి.”

డబ్బు తిరిగి రాలేదు. పన్నెండు సెట్లు ఎక్కడికి పోయాయో తెలియలేదు. బాకీ తీరేదాకా ఇల్లు మాంసం, కొత్తబట్టలు మానేసింది. అత్తగారు కన్ను కనపడుతున్నంతసేపూ బంట్లు రుద్దింది. వీధిలో ఎవరో ‘తక్కెడమ్మా’ అని పిలిస్తే, “తక్కెడకు ముల్లు వంగిందమ్మా, ఇప్పుడు మా కోడలి దగ్గర చూపించుకుని తూస్తున్నా,” అంది.

బాకీ తీరిన కొన్నాళ్ళకు ఒక సెట్టు కొన్నవాళ్ళు పొరపాటున రెండుసార్లు డబ్బు కట్టారు. సాయంత్రం వెలుతురు కిటికీలోంచి పోతున్న వేళ చిన్నకోడలు ఆ సంగతి పైకి చదివింది. భర్త మిషను తనంతట తనే ఆపాడు.

అత్తగారు ఉప్పుకాగితం కింద పెట్టింది. పొద్దు పోతోంది. ఆమె చూపు కిటికీ వైపు వెళ్ళి, కోడలి మీదకు వచ్చింది.

“ఏం చేద్దామంటావే?”

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె నోట రావడం అంతకుముందు ఎవరూ వినలేదు.

“వచ్చిన దారినే పంపేద్దాం అత్తయ్యా. ఇదిగో, ఇక్కడ నొక్కితే ఏ కార్డు నుంచి వచ్చిందో దానికే పోతుంది. ఇంకెవరికీ పోదు.”

“ఇంకెవరు అడిగినా?”

“ఎవరు అడిగినా.”

అత్తగారు చెయ్యి తుడుచుకుంది. రెండువైపులా తుడుచుకుంది. దగ్గరకు జరిగి చూపుడువేలు చాచింది.

“ఇటు పట్టు. ఈసారి వేలు నాది.”