తిన్నగా ఇంటికి రాకు

"ఇవాళ ఎవరు పోయారే?" అని అడిగింది సలుద్, కూతురు ఇంకా గేటు గడియ తీయకముందే.

"ఎవరూ పోలేదమ్మా. వార్డులో అందరూ భేషుగ్గా ఉన్నారు. లోపలికి రానిస్తావా, ఇక్కడే తడవమంటావా?"

"ఎవరూ పోకపోతే ఇంతసేపు ఎక్కడున్నావు?"

రోవెలిన్ గేటు తీసుకుని వసారాలోకి వచ్చింది. తెల్లబూట్లు విప్పుతూ తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు తల్లిని చూసి నవ్వింది కాదు. తల వెనక్కి తిప్పి, తను వచ్చిన దారికేసి చూసి నవ్వింది. సలుద్ కూడా అటు చూసింది. వీధిలో వాన తప్ప ఇంకేమీ లేదు. పెంపుడు కుక్క బ్రౌనీ మాత్రం బెంచీ కింద నుంచి లేచి, ఆ ఉత్త వీధికేసి మొరిగింది.

సలుద్ సిలువ గుర్తు వేసుకుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సలుద్‌కి కీడెంచడం వరకే వచ్చు. నర్సుల బోర్డు పరీక్ష ఫలితాలు వచ్చిన నాడు వాడంతా ఎగిరి గంతులేస్తుంటే, ఆవిడ ఒక మూల కూర్చుని, "అదే పేరున్న పిల్ల దేశంలో ఇంకొకతె ఉందేమో, ముందు కనుక్కోండి" అంది. పరీక్షకి ముందు ఆనవాయితీ ప్రకారం సాంత క్లారా మఠానికి తనే గుడ్లు మోసుకెళ్ళి మొక్కుకుంది. మొక్కు ఫలిస్తే దాన్నీ నమ్మలేకపోయింది. చుట్టాలు రోవెలిన్ బొమ్మతో వీధి మొగలో ఫ్లెక్సీ కట్టిస్తే, దిష్టి తగులుతుందని సాయంత్రానికల్లా విప్పించేసింది.

దిష్టి తగలనే తగిలింది అనుకుంది తర్వాత. ఏ ఆస్పత్రికి వెళ్ళినా "అనుభవం ఉందా?" అన్నారు. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! అలా తిరిగి తిరిగి, చివరికి జెట్టీ పక్కనున్న పాత ఆస్పత్రిలో చోటు దొరికింది. అక్కడి నర్సు ఉన్నపళంగా మానేసిందట.

"ఎందుకు మానేసింది?" అంది సలుద్.

"రియాద్‌లో ఉద్యోగం వచ్చిందమ్మా."

"అలాగే చెప్తారు."

అయినా పంపక తప్పలేదు. కాకపోతే ఒక ఒట్టు వేయించుకుంది. వార్డులో ఎవరైనా పోతే, తిన్నగా ఇంటికి రాకూడదు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి, కూర్చోవాలి, ఏదో ఒకటి తినాలి. పోయినవాడు వెంట వస్తాడు కదా, అక్కడ దారి తప్పుతాడు. ఇంటిదాకా తెచ్చుకున్నామా, ఇక వదలడు.

ఇంత జాగ్రత్తపరురాలు మొదటి రోజే పెద్ద పొరపాటు చేసింది. ఆయుష్షుకి మంచిదని, పుట్టినరోజుకి చేసినట్టే పెద్ద డబ్బా నిండా నూడిల్స్ చేసి కూతురి చేతికిచ్చి పంపింది. ఆ డబ్బా చూసి పెద్ద నర్సమ్మ కెవ్వుమందట. "ఎవరు తెచ్చారివి? డ్యూటీలో నూడిల్స్ తింటే ఆ పోగుల్లాగే పేషెంట్లూ తెగకుండా వస్తారని నీకెవరూ చెప్పలేదా?" అందట. ఆ మధ్యాహ్నమే వంతెన మీద వానలో, జనాన్ని ఎక్కించుకుని వెళ్తున్న జీప్నీ బండి బోల్తా పడింది. వార్డు నిండిపోయింది. ఎవరూ తోడులేని కుర్రవాడొకడు రోవెలిన్ చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలాడు.

ఆ రోజు పిల్ల జీప్నీల అడ్డా దగ్గర గంజి కొట్లో ఆగి, అల్లం గంజి తాగి, ఇంటికొచ్చి భోరున ఏడ్చింది. సలుద్ ఏడవలేదు. 'నా నూడిల్సే వాడి ప్రాణం తీశాయి' అని లోపల గడ్డకట్టుకుపోయింది.

అప్పటి నుంచే ఈ ఆలస్యాలు. యూనిఫాం ఉతుకుదామని తీస్తే మందుల వాసన కాదు, కొవ్వొత్తుల వాసన. వాడిన మల్లెల వాసన. ఒకసారి భుజం మీద తెల్లటి పౌడరు, వేళ్ళ ముద్రలతో సహా.

రోవెలిన్‌కి జ్ఞానస్నానపు తల్లి, పక్కింటి పసింగ్ వచ్చి ఇంకో కబురు చెప్పింది. "మీ పిల్లని గంజి కొట్లో చూశాను వదినా. ఎదురుగా ఒకడు కూర్చున్నాడు. తెల్లచొక్కా, తెల్లమొహం. జీప్నీ అడ్డమొచ్చి వెళ్ళేసరికి మనిషి లేడు."

"కాళ్ళు నేలకి ఆనాయా?"

"బల్ల కిందున్న కాళ్ళు నాకెలా కనిపిస్తాయి వదినా!"

"అదే, నువ్వు చూడలేదన్నమాట," అంది సలుద్, గుండె చేత్తో పట్టుకుని.

ఆ సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి అడిగింది.

"ఎవడే వాడు?"

రోవెలిన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఎవరమ్మా?"

"గంజి కొట్టు వాడు. ఎక్కడ కలిశాడు?"

"మా వార్డులోనే. నా మొదటి రోజున."

"పేషెంటా?"

"కాదు... ఆ పోయినబ్బాయి కోసం వచ్చాడు."

"చుట్టమా?"

"ఆ అబ్బాయికి చుట్టాలెవరూ లేరుగా." రోవెలిన్ దుప్పటిని పమిటలా భుజాల మీదికి లాక్కుంది. "మంచివాడమ్మా. ఎక్కువ మాట్లాడడు. చేతులే కాస్త చల్లగా ఉంటాయి."

"చల్లగానా!"

"మంచుముక్కల్లా. గంజి గిన్నె పట్టుకుని వెచ్చబెట్టుకుంటాడు పాపం. నేను నవ్వుతుంటాను."

"ఇల్లెక్కడ?"

"సమాధుల తోట పక్కన."

ఇంకేం కావాలి సలుద్‌కి! దిక్కులేని ఆ పోయినవాడి కోసం వాడే తప్ప ఇంకెవరొస్తారు? గోడకున్న మరియమ్మ బొమ్మకేసి ఒకసారి చూసింది. "ఈ శుక్రవారంలోగా ఆ ఉద్యోగం మానెయ్యి," అంది.

"అమ్మా! బోర్డు పాసయ్యాక కూడా ఊళ్ళన్నీ తిరిగితే దొరికిన ఉద్యోగం అది. మళ్ళీ ఎవరిస్తారు?"

"ప్రాణముంటే ఉద్యోగాలు వాటంతటవే వస్తాయి."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నీ వెనక వచ్చేవాడి మీదే లేదు."

రోవెలిన్ లేచి, వాన జల్లు కొడుతున్న కిటికీ మూసింది. తర్వాత మెల్లగా అంది: "నువ్వు మరీ అంత పట్టుబడితే ఉద్యోగం మానేస్తానమ్మా. అతన్ని మాత్రం మానమనకు. నావల్ల కాదు."

సలుద్‌కి అర్థమైపోయింది. కూతురు ప్రేమలో పడింది. పడింది బతికున్నవాడితో కూడా కాదు.

గురువారం తెల్లవారింది గాని వెలుతురు రాలేదు. సముద్రం మీది గాలి రేకుల కప్పుని పీకేస్తానంటోంది. రోవెలిన్ రాత్రి డ్యూటీ దిగి, ముద్దగా తడిసి వచ్చి స్నానాల గదిలోకి వెళ్ళింది. సలుద్ అన్నం వార్చి, ఎండుచేపలు వేయిస్తోంది. ఉన్నట్టుండి బ్రౌనీ కుయ్యిమని బెంచీ కిందికి దూరింది. ఈసారి మొరగలేదు.

గేటు అవతల ఎవరో నిలబడ్డారు.

తెల్లచొక్కా. తెల్లమొహం. ఆ తెలుపు వానకి కరిగి చెంప మీద చారలు కడుతోంది. చంకలో గొడుగుంది. దాన్ని తెరవలేదు. గేటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఎ... ఎవరది?"

"రోవెలిన్ ఉందా ఆంటీ?"

గొంతు మెత్తగానే ఉంది. అలాంటివాళ్ళ గొంతులు మెత్తగానే ఉంటాయట. మనిషో కాదో తేల్చుకోవడానికి సలుద్ గుండె చిక్కబట్టుకుని, "అలా నిలబడ్డావేం? లోపలికి రా," అంది.

"రాకూడదండీ."

సలుద్ పొయ్యి వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎందుకు రాకూడదు?"

"నేను అక్కణ్ణించి తిన్నగా వస్తున్నానండీ. లోపలికొస్తే మీకు మంచిది కాదు."

ఉప్పుజాడీ ఎప్పుడు అందుకుందో ఆవిడకే తెలియదు. గుప్పెడు ఉప్పు తీసి, వసారాలోంచే బలంకొద్దీ విసిరింది. "నాయనా! నా నూడిల్స్ వల్లే నువ్వు పోయావు, నాకు తెలుసు! నీ పేరిట చర్చిలో పూజ చెప్పిస్తాను. ఏడాదంతా కొవ్వొత్తి వెలిగిస్తాను. నా పిల్లని మాత్రం వదిలెయ్యి!"

"అబ్బా! కళ్ళు! కళ్ళు మండుతున్నాయండీ!" ఆ ఆకారం రెండు చేతులతో కళ్ళు నులుముకుంటూ గిరగిరా తిరిగింది. "నూడిల్సేంటండీ? నేను పోవడమేంటండీ?"

దయ్యాలకి కళ్ళు మండుతాయా? సలుద్ రెండో గుప్పెడు ఎత్తి పట్టుకుని ఆలోచనలో పడింది.

"అమ్మా!" తడిజుట్టు మీద తువ్వాలుతో రోవెలిన్ పరుగెత్తుకొచ్చింది. "ఏం చేస్తున్నావు! జోమెల్, కళ్ళు నులమకు, వానకి పట్టు, మొహం పైకెత్తు!"

"పట్టాను. ఇంకా మండుతోంది. మీ అమ్మగారి గురి బాగుంది."

"జోమెలా?" అంది సలుద్.

"జోమెలేనమ్మా. పెద్దవీధి చివర శవపేటికల దుకాణం వాళ్ళబ్బాయి. చచ్చిపోయినవాళ్ళకి స్నానం చేయించి, బట్టలు తొడిగి, మొహానికి పౌడరు రాసేది ఇతనే. ఆ రోజు ఆ అబ్బాయిని తీసుకెళ్ళడానికి వచ్చింది కూడా ఇతనే."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని!"

"అందుకే చెప్పలేదు."

గేటు అవతలి నుంచి జోమెల్ ఎర్రకళ్ళతో అన్నాడు: "మా అమ్మ కూడా మీలాగేనండీ. పని చూసుకుని తిన్నగా ఇంటికి రానివ్వదు. అందుకని రోజూ గంజి కొట్లో ఆగుతాను. ఆ రోజు బల్లలన్నీ నిండిపోతే ఈవిడ నా ఎదురుగా కూర్చుంది. గంజిలోకి కన్నీళ్ళు కారుతుంటే, ఉప్పెక్కువైపోతుందండీ అన్నాను. నన్ను తిట్టింది."

"తిట్టనా మరి! అది కూడా ఒక మాటేనా?"

"సరే, ఆ రోజంటే ఒకడు పోయాడు," అంది సలుద్. "ఎవరూ పోని రోజున నువ్వెందుకు ఆగడం?"

రోవెలిన్ తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంది. "ఎవరూ పోని రోజునే ఇంకా ఎక్కువసేపమ్మా."

జోమెల్ చారల మొహం ఆ వానలోనే వెలిగింది. అది చూసి సలుద్ చటుక్కున కళ్ళు దించుకుంది. ఇలాంటివి తల్లులు చూడకూడదు.

"ఇంతకీ ఇప్పుడెందుకొచ్చావు?"

"నిన్న రోవెలిన్ గొడుగు కొట్లో మర్చిపోయిందండీ. ఈ వానలో ఎలా వెళ్తుందోనని... ఒక పెద్దాయనకి బట్టలు తొడిగి, ఇలాగే వచ్చేశాను. ఇచ్చేసి పోదామనుకున్నాను."

"గొడుగు చేతిలో పెట్టుకుని తడుస్తూ వచ్చావా?"

"అది తనదండీ. దాని కింద నా చేతుల వాసనెందుకని."

సలుద్ గుప్పిట్లోని ఉప్పు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఊళ్ళో అందరూ ఆవిడ భయాల్ని చూసి నవ్వేవాళ్ళే. సొంత కూతురైనా నవ్వుతూనే ఒట్టేసింది. వీడొక్కడు, అత్తగారు కాబోయే మనిషి రమ్మన్నా రాకుండా, ఆ ఇంటికేమవుతుందోనని గాలివానలో గేటు అవతలే నిలబడ్డాడు. తనకంటే ఎక్కువ భయపడే మనిషి లోకంలో ఇంకొకడున్నాడు!

ఆవిడ పొయ్యి ఆపింది. చెప్పులు వేసుకుంది. గేటు తీసుకుని బయటికొచ్చింది.

"పద."

"ఎక్కడికండీ?"

"వీధి మూలనున్న బేకరీకి. ఆగాల్సిన చోట ఆగి, తర్వాత ఇంటికి రావాలి. ఎక్కణ్ణించి వచ్చినా అదే పద్ధతి. నువ్వూ రావే, మొద్దులా నిలబడ్డావు!"

ముగ్గురూ ఒక్క గొడుగు కింద నడిచారు. ఎవరి భుజమూ పూర్తిగా తడవలేదు, ఎవరి భుజమూ పొడిగా లేదు. బేకరీలో పొయ్యి వేడికి అద్దాలు మసకబారి ఉన్నాయి. గోడవారగా బల్ల చూసుకుని కూర్చున్నారు.

"రేపు శుక్రవారం," అంది రోవెలిన్, తల్లి మొహంకేసి చూడకుండా.

"అయితే ఏం? రాత్రి డ్యూటీయా, పగలు డ్యూటీయా?"

"పగలు."

"పెందలాడే లేపుతాను."

రోవెలిన్ ఇప్పుడు తల్లి మొహంకేసి చూసింది. బల్ల కింద ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో గాని, "ఇవాళ వెచ్చగా ఉందే!" అంటూ చిన్నగా నవ్వింది. సలుద్ విననట్టే ఊరుకుంది.

అంగడామె వేడి బన్నులూ, అల్లం కషాయమూ తెచ్చి పెట్టింది. కప్పులు నాలుగున్నాయి.

"ముగ్గురమే కదమ్మా," అంది సలుద్.

"అదేంటి, మీ వెనకాలే ఒక పెద్దాయన వచ్చారుగా? పాపం తడిసిపోయి గుమ్మం దగ్గర నిలబడ్డారు." అంగడామె గుమ్మంకేసి చూసింది. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారే."

జోమెల్ మొహంలో మిగిలిన రంగు కూడా పోయింది. "నీలం గళ్ళ చొక్కానా అండీ?"

"అవును. మీవాళ్ళేనా?"

"ఇందాక ఆ చొక్కా తొడిగింది నేనే," అన్నాడు, వినీ వినపడకుండా.

రోవెలిన్ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొయ్యిలో కట్టె చిటపటమంది. నాలుగో కుర్చీ కాస్త బల్లకి ఎడంగా ఉంది, ఎవరో కూర్చోవడానికి లాక్కున్నట్టు. దాన్ని తాము లాగారో లేదో ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు.

ఇన్నేళ్ళుగా సలుద్ భయపడింది ఈ ఘడియ గురించే. అది వచ్చి ఎదురుగా కూర్చునేసరికి మాత్రం, ఆ గళ్ళ చొక్కా ముసలాయన ఎంత తడిసిపోయాడో అన్న ఆలోచనే వచ్చింది ఆవిడకి. నాలుగో కప్పుని ఆ కుర్చీ ముందుకి జరిపింది. పక్కన ఒక బన్ను పెట్టింది.

"తాగండి అన్నయ్యా, వేడిగా ఉంది," అంది. "ఈ అబ్బాయి మీకు చేయాల్సిందంతా శ్రద్ధగానే చేశాడు. ఇక మీ దారిన మీరు వెళ్ళండి. వీడు మా ఇంటికొస్తున్నాడు."

కప్పు మీది ఆవిరి ఒక్క క్షణం గుమ్మంకేసి వాలింది. తర్వాత తిన్నగా లేచింది.

సలుద్ లేచి, గొడుగు తీసి జోమెల్ చేతికిచ్చింది.

"నువ్వు పట్టు నాయనా, నువ్వు పొడుగు. త్వరగా పదండి, అన్నం చల్లారిపోతుంది."